ప్రాణాంతక తాపము: ఒక కండర దోషము యొక్క చరిత్ర

ఇట్టి సంచికలలో తెలుగు ఉపాధ్యాయుడు వ్రాయు వ్యాసము సాధారణముగా వలసలను గూర్చియో, ఇంటిపేర్లను గూర్చియో, దేవాలయ శాసనములను గూర్చియో ఉండును. నేను వ్రాయబూనినది ఒక కండర దోషము యొక్క చరిత్ర. వైద్యము నా విద్య కాదు. కొన్నేండ్ల క్రిందట ఒక రాత్రి ఆసుపత్రిలో ఒక వైద్యుడు నా ద్వారా ఒక ముసలమ్మను రెండు ప్రశ్నలు అడిగించెను. ఆ ప్రశ్నల అర్థమును తెలిసికొనగోరి చదువ మొదలిడితిని. చదివినకొలది ఇదియు వంశవృక్షముల కథయే యనియు, కుటుంబములు తమ మృతులను గూర్చి దేనిని జ్ఞాపకముంచుకొనును, దేనిని మరచును అను ప్రశ్నయే దీనికి మూలమనియు నాకు తోచినది. ఆ రాత్రి సంగతిని చివర చెప్పెదను. కథ ఆరంభమైనది మన దేశమున కాదు.

1960వ సంవత్సరమున ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరమున ఇరువదియొక్క ఏండ్ల విద్యార్థి యొకడు కారు తగిలి, కాలు విరిగి, రాయల్ మెల్బోర్న్ ఆసుపత్రికి చేర్చబడెను. మోకాలి క్రింది ఎముకలు రెండును విరిగి గాయము తెరచుకొని యుండెను. శస్త్రచికిత్స తప్పదు. ఆ యువకుడు కాలిని గూర్చి అంతగా చింతింపలేదు. అతని భయమంతయు మత్తుమందును గూర్చియే. తన బంధువులలో పదిమంది మత్తుమందు వలన మరణించిరని అతడు వైద్యులతో చెప్పెను. వారికి ఇచ్చినది ఈథర్. కావున ఆసుపత్రివారు ఈథరును విడిచి, అప్పటికి కొత్తగా వచ్చిన హాలోథేన్ అను మందును జాగ్రత్తతో ఇచ్చిరి. హాలోథేన్ 1951లో ఇంగ్లండున తయారై, 1956లో వాడుకలోనికి వచ్చినది. ఈథరువలె నిప్పంటుకొనునది కాదు గనుక దానిని శస్త్రవైద్యులు వరముగా భావించుచుండిరి. ఇచ్చిన కొలది నిముషములకే రోగి రక్తపోటు పడిపోయెను, నాడి వేగము హెచ్చెను, చర్మము నీలివన్నెకు తిరిగెను, ఒడలు కాలిపోసాగెను. వెంటనే మత్తు ఆపి, దేహమును మంచుగడ్డలతో చల్లార్చిరి. అతడు బ్రదికెను.

ఆ యేడే మైకేల్ డెన్‌బరో, రిచర్డ్ లోవెల్ అను వైద్యులు 'లాన్సెట్' పత్రికకు ఒక చిన్న లేఖ వ్రాసిరి. ఒక కుటుంబమున మత్తుమందు మరణములు అనునదే దాని శీర్షిక. 1962లో డెన్‌బరో తన సహచరులతో కూడి అదే కుటుంబమును గూర్చి వివరముగా మరియొక వ్యాసమును ప్రకటించెను. మరణించినవారిని వంశవృక్షముపై గుర్తించి చూడగా, దోషము తల్లిదండ్రులలో ఒక్కరి నుండియే సంతతికి సంక్రమించుచున్నదనియు, ప్రతి బిడ్డకును సగము పాలు అవకాశము కలదనియు తేలెను. వైద్య చరిత్రకారులు ఇచ్చట డెన్‌బరోకు కీర్తి ఇత్తురు. అది న్యాయమే. (ఈయన తరువాతి కాలమున, 1984లో, తన దేశమున అణ్వాయుధ నిరాయుధీకరణ పక్షమును స్థాపించెను. విన్న మాటను త్రోసివేయు స్వభావము గలవాడు కాడని దీనివలన కూడ తెలియును.) కాని నా దృష్టిలో ఆ కీర్తిలో సగము పేరు తెలియని విద్యార్థిది, మిగిలిన సగములో కొంత అతనికి ఆ లెక్కను నేర్పిన ఇంటివారిది. పదిమంది యని సంఖ్య చెప్పగలుగుట స్వల్ప విషయము కాదు. వేరు వేరు చోట్ల, వేరు వేరు సంవత్సరములలో, వేరు వేరు జబ్బులకై కోతకు పోయి మరణించినవారిని ఒక్క జాబితాగా కూర్చి, "ఇది యాదృచ్ఛికము కాదు" అని తలపోసినవారు ఆ యింట ఎవరో ఒకరు ఉండియుందురు. ఏ మేనత్తయో, ఏ పెద్దమ్మయో!

ఈ దోషమునకు ఆంగ్ల వైద్యులు మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియా అని పేరిడిరి. నేను దీనిని ప్రాణాంతక తాపము అని పిలిచెదను. పేరును బట్టి ఇది జ్వరము వంటిదని తలచిన పొరపాటగును. జ్వరమున మెదడులోని ఉష్ణ నియామకము మారును. ఇందు కండరములే కొలిమివలె మండును. కండరము ముడుచుకొనవలెనన్న కణములోని సన్నని సంచుల నుండి కాల్షియం వెలువడవలెను, సడలవలెనన్న ఆ కాల్షియం మరల సంచులలోనికి పోవలెను. ఈ దోషము గలవారిలో హాలోథేన్ వంటి పీల్చు మత్తుమందులు గాని, కండరములను సడలించుటకు ఇచ్చు సక్సినైల్ కోలిన్ అను సూదిమందు గాని తగిలినచో సంచుల తలుపు తెరచుకొని మూతపడదు. కాల్షియం వరదవలె పారును. కండరములు కట్టెవలె బిగియును. చిందిన కాల్షియంను తిరిగి తోడిపోయుటకు దేహము తన శక్తినంతయు వెచ్చించును. ప్రాణవాయువు ఖర్చగును, బొగ్గుపులుసు వాయువు పొంగును, రక్తము పులియును. వేడి ఐదు నిముషములకు ఒకటి రెండు డిగ్రీల చొప్పున పెరుగవచ్చును. కణములు చిట్లి, లోపలి పొటాషియం రక్తమున కలిసి గుండెను ఆపును. కండరముల ఎర్రని పదార్థము మూత్రమున దిగి మూత్రపిండములను చెరచును. ఒడలు కాలుట అనునది నిజమునకు ఆలస్యముగా వచ్చు గుర్తు. వైద్యుడు మొదట గమనింపవలసినది విడుచు శ్వాసలో హెచ్చిన బొగ్గుపులుసు వాయువును.

ఇందు మరియొక మాయ కలదు. దోషము గలవాడు సాధారణ జీవితమున మనవలెనే నడచును, ఆడును, పని చేయును. ఒక్కొక్కప్పుడు ఒకటి రెండు శస్త్రచికిత్సలు కూడ ఏ కీడును లేక గడచిపోవును, మూడవది ప్రాణము తీయును. కావున "నాకు ఇదివరకు ఏమియు కాలేదు" అను మాట ఇచ్చట పూర్తి సాక్ష్యము కానేరదు.

ఈ రహస్యమును విప్పుటకు తోడ్పడినది పంది యని చెప్పిన కొందరు నవ్వుదురు. ఐరోపాలో కొవ్వు తగ్గి మాంసము హెచ్చిన పందులను ఏరి ఏరి పెంచిరి. అట్టివి కొన్ని వధశాలకు తోలుకొనిపోవు దారిలోనే బెదిరి, బిగిసి, వేడెక్కి చచ్చుచుండెను. వాని మాంసము పాలిపోయి నీరు కారుచుండెను. 1966లో కేంబ్రిడ్జిలో హాల్ మున్నగువారు కొన్ని పందులకు సక్సినైల్ కోలిన్ ఇచ్చినపుడు మనుష్యులలో చూచిన విపత్తే వానిలోను కనబడెను. నాటి నుండి పరిశోధకులకు ఒక సాధనము దొరకినది. 1975లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌనులో గైస్‌ఫర్డ్ హారిసన్ అట్టి పందులకు విపత్తు కలిగించి, డాన్‌ట్రోలీన్ అను మందును రక్తనాళమున ఎక్కించి వానిని బ్రదికించెను. డాన్‌ట్రోలీన్ ఈ పనికై పుట్టినది కాదు. పక్షవాతాదులలో బిగిసిన కండరములను సడలించుటకు 1967లో తయారు చేసినది. కాల్షియం సంచుల తలుపును మూయుటయే దాని గుణము. 1979లో అమెరికా ప్రభుత్వము సూదిమందుగా దానిని అంగీకరించెను. అంతకు ముందు ఈ విపత్తున చిక్కిన నూరుగురిలో డెబ్బదిమందికి పైగా మరణించుచుండిరి. మందు, మంచి పరికరములు, ముందుచూపు మూడును కూడిన ఆసుపత్రులలో ఆ సంఖ్య పదికి లోపునకు దిగినది. మందు ఉన్నంత మాత్రమున చాలదు. పాత రకపు సీసా ఒక్కొక్కదానిలో ఇరువది మిల్లీగ్రాములే ఉండును, దానిని అరువది మిల్లీలీటర్ల నీటిలో కరగించవలెను. డెబ్బది కిలోల మనిషికి మొదటి మోతాదునకే తొమ్మిది సీసాలు కావలెను. ప్రాణము పోవుచుండగా ఒకరు సీసాలు కుదుపుచునే కూర్చుండవలెను!

ఇక నా వ్యాసమునకు ముఖ్యమైన చోటికి వచ్చితిమి. ఈ దోషము ఇతర కండర వ్యాధులకు ఏమగును? మన పెద్దలు సంబంధము చూచునప్పుడు ఇంటిపేరు ఒక్కటైనంత మాత్రమున దాయాదులనరు, గోత్రము అడుగుదురు. వైద్యులకు ఆ గోత్రము తెలియుటకు మూడు దశాబ్దములు పట్టినది.

1956లో షై, మగీ అను అమెరికా వైద్యులు ఒకే కుటుంబమున మూడు తరములకు చెందిన ఐదుగురిని పరీక్షించిరి. వారు పుట్టుకతోనే కండర బలము తక్కువైనవారు, ఆలస్యముగా నడక నేర్చినవారు, అయినను వయస్సుతోపాటు క్షీణించిపోనివారు. వారి కండరపు ముక్కను సూక్ష్మదర్శినిలో చూడగా ప్రతి పోగు నడుమను ఒక జీవము లేని దూట కనబడెను. ఈ వ్యాధికి సెంట్రల్ కోర్ వ్యాధి యని పేరు వచ్చినది. దీనికిని మత్తుమందు మరణములకును సంబంధమున్నదని అప్పుడెవరును తలపలేదు. 1970లో ఐజక్స్, బార్లో అను దక్షిణాఫ్రికా వైద్యులు, ఈ విపత్తు కలిగినవారి బంధువులలో కొందరి రక్తమున కండరముల నుండి కారు ఒక ఎంజైము హెచ్చుగా ఉన్నదని చూపిరి. అనగా పైకి ఆరోగ్యముగా నున్నను లోపల కండరము సరిగా లేదని అర్థము. 1973లో డెన్‌బరోయే తన సహచరులతో, ప్రాణాంతక తాపము గల కుటుంబమున సెంట్రల్ కోర్ వ్యాధిని కనుగొనెను. అదే సంవత్సరమున కింగ్ అను వైద్యునితో కూడి మరియొక రకము బాలురను వర్ణించెను. పొట్టివారు, రెప్పలు వాలినవారు, వెన్ను వంగినవారు, మత్తుమందు పడనివారు. దానికి కింగ్-డెన్‌బరో లక్షణ సముదాయమని పేరు నిలిచినది.

1990లో ఈ దోషపు స్థానము పందొమ్మిదవ క్రోమోసోముపై నున్నదని తేలెను. అచ్చటి జన్యువు నిర్మించునది కాల్షియం సంచుల తలుపునే. ఆ తలుపునకు రయనోడిన్ గ్రాహకమని పేరు. దక్షిణ అమెరికాలో రయానియా అను పొద నుండి తీసిన పురుగుమందు ఈ తలుపునకు అతుక్కొనును గనుక ఆ పేరు వచ్చినది. ఐదువేలకు పైగా అమైనో ఆమ్లములు గొలుసుగా కూడిన మహాకాయమది. 1991లో పందులలోని మార్పును, 1993లో సెంట్రల్ కోర్ వ్యాధిలోని మార్పులను ఇదే జన్యువున కనుగొనిరి. కావున ఆ రెండును సగోత్రములే. తరువాతి కాలమున అనేక చిన్న దూటలు గల మరియొక పుట్టు వ్యాధియు, ఎండలో కఠినముగా శ్రమించినప్పుడు కండరములు కరగిపోవు కొన్ని స్థితులును ఇదే కుదురునకు చేరినవి. ఉత్తర కెరొలీనాలోని లంబీ అను ఆదిమ జాతివారిలో కనబడు ఒక కండర వ్యాధికి 2013లో వేరొక జన్యువును కనుగొనిరి. ఆ జన్యువు చేయు ప్రోటీను కూడ ఇదే తలుపు చెంత పని చేయునదే. అందుచేత ఆ వ్యాధి గలవారికిని ఈ విపత్తు కలుగును.

దీనికి భిన్నముగా, ఇంటిపేరు కలిసి గోత్రము కలియని వ్యాధి డుషేన్ కండర క్షయము. మగపిల్లలకు బాల్యమున ఆరంభమగు ఈ క్షయము గలవారికి సక్సినైల్ కోలిన్ ఇచ్చినచో కండర కణముల గోడలు చిట్లి, పొటాషియం పొంగి, గుండె ఆగును. చూచువారికి ఇదియు ప్రాణాంతక తాపమే యని తోచును. చాల కాలము అట్లే భావించిరి. కాని ఇందు దోషము సంచి తలుపున కాదు, కణపు గోడను కాపాడు డిస్ట్రోఫిన్ అను వేరొక ప్రోటీనున. దీనికి డాన్‌ట్రోలీన్ ప్రధాన చికిత్స కాదు, పొటాషియంను అణచుట ప్రధానము. ఈ భేదము పండితుల వాదమునకు మాత్రమే పనికివచ్చునది కాదు. తప్పుగా పోల్చినచో తప్పు మందు చేతికి వచ్చును, గడచిన నిముషము తిరిగి రాదు.

ఈ చరిత్రలో నన్ను మిక్కిలి ఆకర్షించిన వ్యక్తి వెర్నర్ కాలో. జర్మనీలో పుట్టి కెనడాలోని టొరంటో నగరమున స్థిరపడిన ఔషధ శాస్త్రజ్ఞుడు. 1970లో బెవర్లీ బ్రిట్ మున్నగువారితో కూడి, దోషము గలవారి కండరపు ముక్క కాఫీలోని కెఫీన్ తగిలినంతనే అతిగా ముడుచుకొనునని చూపినది ఆయనయే. బ్రదికియున్న మనిషికి విపత్తు కలిగింపకయే దోషమును కనుగొను పరీక్షకు అది పునాది. కాని ఆయన అంతకు ముందే, 1950లలో, వేరొక వంశ దోషమును పరిశోధించియుండెను. సక్సినైల్ కోలిన్ ఇచ్చిన నాలుగైదు నిముషములలో రక్తములోని కోలిన్ ఎస్టరేజ్ అను ఎంజైము దానిని విరుగగొట్టును. ఆ ఎంజైము సరిగా లేనివారిలో మందు గంటల తరబడి నిలిచి, ఊపిరి కండరములు కదలవు. ఇందు తాపము లేదు, బిగింపు లేదు. కండరము మంచిదే, మందు మాత్రము దిగదు. ఊపిరి యంత్రముపై ఓపికగా ఉంచినచో రోగి పూర్తిగా కోలుకొనును. యంత్రము లేనిచోట, కారణము తెలియనిచోట, చచ్చును. ఈ రెండు దోషములకు మందు ఒక్కటే, పరిశోధకుడు ఒక్కడే. కుటుంబ చరిత్రలో మిగులు మాటయు ఒక్కటే: "మత్తు ఇచ్చిరి, లేవలేదు."

ఈ రెండవ దోషమే మన వీధులలోనికి వచ్చినది. 1979లో ఆంధ్రప్రదేశ్ వైశ్యులలో ఈ ఎంజైము బొత్తిగా లేకపోవు లక్షణము అధికముగా నున్నదని రావు, గోపాలం అను పరిశోధకులు ప్రకటించిరి. 2006లో కోయంబత్తూరులోని భారతియార్ విశ్వవిద్యాలయమునకు చెందిన మనోహరన్, బూపతి మున్నగువారు, అమెరికాలోని లాక్‌రిడ్జ్‌తో కూడి, ఈ నగరమున తరతరములుగా నివసించుచున్న తెలుగు వైశ్యుల రక్తమును పరీక్షించి, ప్రతి ఇరువది నలుగురిలో ఒకరికి ఈ ఎంజైము లేదని చూపిరి. ఐరోపా, అమెరికా జనులలో అది లక్షకు ఒక్కరు. అందరిలోను జన్యువులోని మార్పు ఒక్కటే, ఒకే పూర్వుని నుండి వచ్చినది. ఈ లక్షణము కనబడవలెనన్న తల్లి వైపు నుండియు తండ్రి వైపు నుండియు రావలెను. పెనుగొండను, వాసవీమాతను, నూటరెండు గోత్రములను ఏనాటికిని మరువక, ఎంత దూరము వలస పోయినను తమలో తామే పెండ్లిండ్లు చేసికొనిన సంఘమున అట్లగుట వింత కాదు. 2009లో ప్రకటితమైన ఒక గొప్ప జన్యు పరిశోధన, వైశ్యుల మూల సమూహము నూరు తరములకు పూర్వమే చిన్నదై, నాటి నుండి ఇతరులతో ఎక్కువగా కలియలేదని తేల్చినది. ఇందు కళంకమేమియు లేదు. ఎంజైము లేనివారు తక్కినవారివలెనే ఆరోగ్యవంతులని ఆ కోయంబత్తూరు పరిశోధకులే చూపియున్నారు. ఒక్క సూదిమందు దగ్గరనే భేదము.

ఇక ఆ రాత్రి సంగతి. మా పాఠశాలలో ఎనిమిదవ తరగతి బాలుడు ఒకడు సాయంకాలము ఆటస్థలమున పడి మోచేయి విరుగగొట్టుకొనెను. తండ్రి కిరాణా వర్తకుడు. నేనును వెంట పోయితిని. ఆసుపత్రి పత్రము తమిళమునను ఆంగ్లమునను ఉండెను. కుటుంబమున ఎవరికైన మత్తుమందు వలన ఇబ్బంది కలిగినదా యను గడిలో తండ్రి 'లేదు' అని గుర్తు పెట్టెను. అతడు అబద్ధమాడలేదు, అతనికి తెలియదు. కుర్రవాడు తినివచ్చి గంటయైన కాలేదు గనుక త్వరగా పని చేయు సూదిమందు ఇయ్యవలసియుండెను. అప్పుడు బల్లపై కూర్చున్న అవ్వ నన్ను పిలిచినది. ఆమె పుట్టినిల్లు ఆదోని. తమిళము కొద్దిగా అర్థమగును గాని మాటాడదు.

"అయ్యవారూ, మా పెద్దన్నకు వరిబీజం కోసినప్పుడు, సూదేసినాక పొద్దు మునిగేదాకా ఊపిరి తీసుకోలేదు. పక్కన కూచోని ఊదినారు."

"ఈ మాట ముందే చెప్పలేదేమమ్మా?"

"నన్నెవరు అడిగినారు నాయనా?"

నేను పరుగున పోయి వైద్యునికి తమిళమున చెప్పితిని. ఆయన చేతిలోని పనిని ఆపి, నన్ను వెంటబెట్టుకొని అవ్వ వద్దకు వచ్చి, రెండు ప్రశ్నలు అడిగించెను. నీ అన్నకు ఒళ్ళు కాలిపోయినదా, కట్టెవలె బిగిసెనా? అట్లు కాక, ఒళ్ళు మెత్తగా, చల్లగానే యుండి ఊపిరి మాత్రమే రాలేదా? అవ్వ ఒక్క క్షణము ఆలోచించి, "మెత్తగా పడుండె. తెల్లారి లేసి కాఫీ అడిగినాడు" అన్నది. వైద్యుడు మందు మార్చెను. మోచేయి చక్కబడెను. కొన్ని దినములకు రక్తపరీక్ష చేయించగా బాలునికి ఆ ఎంజైము దాదాపు శూన్యమని వచ్చినది. తండ్రికిని చెల్లెలికిని కూడ పరీక్ష చేయించిరి. చెల్లెలికి లేదు, తండ్రికి సగమే ఉన్నది. ఆ చీటీల నకళ్ళను ఆ వర్తకుడు ఇంటి పత్రములతోపాటు ఇనుప పెట్టెలో పెట్టెను. నేను పట్టుపట్టగా ఒక నకలును పిల్లవాని బడి సంచిలో కూడ ఉంచెను.

మా పాఠశాలలో ఏడవ తరగతి పిల్లలచేత ప్రతి సంవత్సరము వంశవృక్షము వ్రాయించుట ఆచారము. ఊరు, ఇంటిపేరు, వలస వచ్చిన కాలము, తెలిసినంత వరకు పూర్వుల పేర్లు అందుండును. నాటి నుండి నేను మరియొక గడిని చేర్చితిని: ఎవరైన కోత సమయమున గాని, మత్తు తరువాత గాని మరణించిరా, లేవక చాలసేపు పడియుండిరా, వారికి ఒళ్ళు కాలినదా, బిగిసినదా? పెక్కుమంది ఆ గడిని ఖాళీగా విడుతురు. కిందటి యేడు ఒక బాలిక మాత్రము తన ముత్తాత పేరు ప్రక్క, "మద్రాసు పెద్దాసుపత్రికి కడుపు ఆపరేషనుకు పోయినారు, తిరిగి రాలేదు, ఎందుకో ఎవరూ అడగలేదు" అని వ్రాసి, ఆ క్రింద ఇంకను బ్రదికియున్న నాయనమ్మ ఫోను సంఖ్యను కూడ చేర్చి ఇచ్చినది.